తట్ట ముందు చెప్పే పేర్లు

ఈ అరబ్బు దేశపు సముద్రతీరంలో, సలాలాలో ఖరీఫ్ మొదలైంది. మన దగ్గర ఖరీఫ్ అంటే నాట్లూ ఎరువులూ. ఇక్కడ ఆ మాటకు అర్థం కొండల మీది నుంచి దిగి మూడు నెలలు కదలకుండా కూర్చునే సన్నజల్లు. ఈ ఉదయం దుకాణం షట్టర్ ఎత్తగానే ఆ తడిగాలి నాకంటే ముందు లోపలికి దూరింది. వెనక గదిలో సంచుల్లో ఉన్న లుబాన్ ఒక్కసారిగా మేలుకుంది. లుబాన్ అంటే ఈ కొండల అవతలి ఎండునేలల్లో పెరిగే పొట్టి చెట్ల బెరడు గీస్తే కారి గడ్డకట్టే బంక. నిప్పుల మీద వేస్తే ధూపం, నీళ్లలో నానబెట్టి తాగితే కడుపుకు మంచిదంటారు. ముందు పచ్చి నిమ్మతొక్కను గోటితో గిల్లిన వాసన, దాని వెనక అప్పుడే చెక్కిన కర్ర వాసన, ఆ వెనక ఎక్కడో దాక్కున్న మిరియపు ఘాటు. ఈ మూడింటినీ విడదీయడం నాకు ఓబులమ్మక్క నేర్పింది. అంతకుముందు నాకు ఇదంతా కలిపి గుడి వాసన, అంతే. ఇప్పుడు ఆ మూడూ విడివిడిగా ముక్కుకు తగిలినప్పుడల్లా ముందు ఆమె గుర్తొస్తుంది, వెంటనే కడుపులో పాతమంట ఒకటి లేస్తుంది. దాని పేరు అసూయ. ఆమె ఈ దేశం వదిలి నాలుగేళ్లయింది. మంట మాత్రం తన వీసా రద్దు చేసుకోలేదు.

మా నాన్నకు జగిత్యాల పాత బస్టాండు వెనక కిరాణా దుకాణం. చిన్నాన్నల్లో ఒకరిది బట్టల కొట్టు, ఇంకొకరిది ఇనుప సామాను. నేను పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది గల్లాపెట్టె పక్కన. మా ఇంట్లో కొత్తచొక్కా కావాలన్నా బేరమాడాల్సిందే, జ్వరం వచ్చి బడి మానేయాలన్నా బేరమాడాల్సిందే. ఆ గల్లాపెట్టె బడిలో మొదటి పాఠం ఒకటే: సరుకు ఎక్కడిదో చెప్పకూడదు. మిరపకాయల బస్తా దిగగానే నాన్న దాన్ని తిరగేసి సరుకు మరో సంచిలోకి మార్చేవాడు, పైన ముద్ర ఎవరికంటా పడకుండా. ఎవరైనా ‘యాడికెల్లి తెచ్చినవే ఈ మిరపకాయ?’ అని అడిగితే ‘మన దుకాణంలనే పుట్టింది’ అని నవ్వేవాడు. పై అరలో ఒక గాజు జాడీ ఉండేది. దాని మీద నాన్న చేతిరాతతో ‘పరంగి సాంబ్రాణి’ అని చీటీ. పరంగోళ్ల దేశంలో ఆ చెట్లు ఉంటాయి కాబోలనుకుని పెరిగాను. ఈ దేశం వచ్చి, ఆ జాడీలోది ఈ లుబానేనని తెలిసి, చెట్టును కళ్లారా చూశాక అనుమానం మొదలైంది. చెట్టు ఇక్కడిది, గీసిన చెయ్యి ఇక్కడిది, ఏరిన ముక్కు ఇక్కడిది. మధ్యలో ఓడలో ఎక్కించినవాడెవడో సంచి తిరగేసి ఉంటాడు. మా నాన్నకు వ్యాపారంలో పెద్దన్నలు చాలాకాలం కిందటే ఉన్నారన్నమాట.

నేను ముందు ఈ దేశంలోనే మబేలాలో టైల్స్ పనికి వచ్చాను. మూడేళ్లు సైట్‌లో నడుము విరిగాక, తెలిసినవాళ్ల మాటతో సలాలాలో బఖీత్ దగ్గర సేల్స్‌మన్‌గా కుదిరాను. బఖీత్ మా అర్బాబ్, అంటే యజమాని. పాత బజారులో ఈ లుబాన్ దుకాణం, ఊరి చివర రైసూత్‌లో ఒక గోడౌన్. దుకాణం వెనక గదిలో రోజూ పొద్దు వాలే వేళ నమాజు తర్వాత ఇద్దరు ఆడవాళ్లు ఖర్జూరపు ఆకులతో అల్లిన తట్ట ముందు కూర్చుని సరుకు ఏరేవారు. ఒకామె బఖీత్ తల్లి తుఫూల్, ఎనభై దాటిన మనిషి. రెండో ఆమె వాళ్లింట్లో పనిచేసే ఓబులమ్మ. రాయచోటి పక్క పల్లె. అప్పటికే ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు. వంటా బట్టలూ ముగించుకుని, పెద్దామెను చెయ్యిపట్టి నడిపించుకుంటూ దుకాణానికి వచ్చేది. పేరుకు పనిమనిషి. తట్ట ముందు కూర్చుంటే మాత్రం ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి పని చెబుతున్నారో తెలిసేది కాదు.

మొదటి రోజే నా గొప్పలు విప్పాను. “అక్కా, నేను కిరాణా దుకాణంల పెరిగినోన్ని. ఇంగువల పిండి కలిసినా, జీలకర్రల చెత్త కలిసినా సంచి మూతి ఇప్పకముందే చెప్త.”

ఆమె తల ఎత్తలేదు. “అట్నా” అని తట్టలోంచి మూడు లుబాన్ పలుకులు ఏరి నా అరచేతిలో పెట్టింది. “వీట్లో ఒకటి ఈ నేలది కాదు. సముద్రం అవతల నుంచి వచ్చినాది. యాదో చెప్పు అబ్బీ.”

మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. వాసన చూశాను, వెలుతురుకు పట్టాను, గోటితో గీకాను. బేరంలో తెలియనప్పుడే గొంతు పెంచాలని మా చిన్నాన్న చెప్పేవాడు కాబట్టి ధీమాగా రెండోది అన్నాను. ఆమె ఆ పలుకును నోటి దగ్గర పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకునేవాళ్లు ఊదినట్టు ‘హా’ అని వెచ్చటి ఊపిరి వదిలి వాసన చూసింది. పెద్దామె అటు తిరక్కుండానే చెయ్యి చాచింది. ఆమె కూడా ఊపిరి వదిలి, అరబ్బీలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

“ఏమన్నదక్కా పెద్దామె?”

“ఏంలే. ముక్కు పెద్దదే గానీ తలుపులు మూసుకోనుండాయి అన్యాది.”

మరునాడు బేరానికి దిగాను. ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు సీసా ఒకటి ఆమె ముందు పెట్టి, ఈ విద్య నేర్పితే సీసా నీది అన్నాను. ఆమె కాదంటుంది, ఇంకో సీసా అంటాను, శుక్రవారాలు మార్కెట్ పనులు చేసిపెడతానంటాను, చివరికి ఎక్కడో కుదురుతాం అని లెక్క. ఆమె సీసా మూత తీసి వాసన చూసి, “మెంతిపిండి ఎక్కువైంది. నువ్వే తిను” అని నా వైపు జరిపింది. “నేర్పమంటే నేర్పనా? దానికి తొక్కు యాల? కూచ్చో.” నా జీవితంలో అంతగా ఓడిపోయిన బేరం లేదు. ఇవ్వననేవాడితోనే బేరం. అడగ్గానే ఇచ్చేసేవాడి దగ్గర నాలాంటివాడు ఏం చేయాలి? ఆమె అంత తేలిగ్గా ఇవ్వగలగడం మీదే, అనుకుంటా, నా అసూయకు మొదటి మొలక వచ్చింది.

కూర్చున్నాను. పలుకు మీద చెయ్యి వేయబోతే మణికట్టు మీద ఒకటి వేసింది. “ముందు పేరు చెప్పు.”

“ఎవ్వరి పేరు?”

“ఎవురు నేర్పినారో వాళ్ల పేరు. తుఫూలమ్మ చెప్పింది అను. అని పట్టుకో.”

“నేర్పేది నువ్వు గద.”

“నాకు ఆయమ్మ చెప్పినాది. ఆయమ్మకు వాళ్లమ్మ చెప్పినాది. తట్ట ముందర కూచ్చునేటప్పుడు ఆయమ్మ పెదాలు కదుల్తాయి, చూడలేదా నువ్వు?”

చూశాను. ప్రార్థన అనుకున్నాను. పెద్దామె రోజూ మొదటి పలుకు పట్టుకునేముందు చెప్పేది ఆమె తల్లి పేరట. “మరి నీ పేరు గుడ చెప్పాల్నా?” అన్నాను. “చెప్పుకుంటే చెప్పుకో. నీ ఇష్టం” అంది. పేరు చెప్పకుండా ముట్టుకుంటే ఏమవుతుందని కూడా అడిగాను, ఏదైనా శాపం లాంటిదేమోనని. “ఏమైతాది? ఏంగాదు. వాసన వచ్చాది. కాకపోతే నీకు తప్పు పోయినప్పుడు ఎవుర్ని అడగాల్నో తెలీదు” అంది. తుఫూలమ్మ చెప్పింది అని అన్నాను. ఓబులమ్మక్క పేరు ఆ రోజు కాదు, ఆ తర్వాత ఏ రోజూ చెప్పలేదు. ఇష్టం నాదే అంది కదా.

రెండేళ్లు నేర్చుకున్నాను. మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఏరకూడదని, సాయంత్రం పడమటి కిటికీలోంచి పక్కగా పడే ఎండలోనే పలుకు లోపలి లేత ఆకుపచ్చ బయటపడుతుందని, అందుకే తట్ట ఎప్పుడూ ఆ కిటికీ కిందే ఉండాలని చెప్పింది. పంటి కింద పెట్టి నమిలితే మంచిది మెత్తబడి బంకలా సాగుతుందని, కల్తీది పొడిపొడి అవుతుందని చెప్పింది. ఎండునేలది ఏదో, కొండకు దగ్గర తేమ తగిలినది ఏదో ఊపిరికి తేడా తెలుస్తుందని చెప్పింది. ఊపిరి వదిలి వదిలి ఒకసారి కళ్లు తిరిగి సంచుల మీద పడ్డాను. పెద్దామె మంచినీళ్లు ఇప్పించి, మళ్లీ ఏదో అంది. ఈసారి అర్థం అడగలేదు. నా లెక్కన నాకు విద్య వచ్చేసింది. ఆకుపచ్చవి, తెల్లవి, పసుపువి, ఎర్రవి, బెరడు అంటుకున్నవి అని ఐదు కుప్పలు కళ్లు మూసుకుని పెట్టగలిగేవాణ్ని. తేడా ఎక్కడంటే, ఆమె నిజంగానే కళ్లు మూసుకుని పెట్టేది.

ఏటా ఖరీఫ్‌లో కువైట్ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. ఆ ఏడు ఆయన ముందు నేను ఏరిన కుప్ప పోసి, నా మాటలన్నీ ఖర్చుపెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, వేలితో రెండు పలుకులు పక్కకు తోసి, లోపల కూర్చునే ‘హిందీ’ ఆవిడ, అంటే మన దేశపు ఆవిడ, ఎక్కడ అని అడిగాడు. వంటింట్లో ఉన్న ఆమెను పిలిపించాల్సి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా కుప్పలోంచి ఇంకో ఏడెనిమిది తీసేసి, మిగతాది బాగుందని ఆయనతో అరబ్బీలో చెప్పింది. నా వైపు తిరిగి, “బాగా ఏరినావబ్బీ, చానా మటుకు సరిగ్గానే ఉండాది” అంది. మెచ్చుకుంది, పాపం. ఆ ‘చానా మటుకు’ నా గుండెలో ముల్లులా దిగి ఉండిపోయింది. పదో తరగతి కూడా లేని మనిషి, నాలుగు భాషల్లో బేరమాడే నన్ను ముసలాయన ముందు పాస్ మార్కులతో పంపించింది.

ఆ చలికాలంలో తుఫూలమ్మ పోయింది. చివరి నెలల్లో ఆమెకు గంట గంటకూ లుబాన్ నీళ్లు తాగించిందీ, ఒళ్లు తుడిచిందీ ఓబులమ్మక్కే. సంతాపం రోజులు గడిచాక బఖీత్ నన్ను పిలిచాడు. మంచి మనిషి, మాట తూచి మాట్లాడతాడు. ఇంట్లో ఇక పనిమనిషి అవసరం లేదని, ఓబులమ్మ ఇంటి వీసా ఇంకో నెలన్నరలో ముగుస్తుందని చెప్పాడు. దుకాణం మీద ఒక వీసా ఖాళీ ఉంది. తట్ట దగ్గర మనిషి కావాలి. “మా అమ్మ పక్కన కూర్చోవడం వేరు, మా అమ్మ పని చేయడం వేరు. ఆమెకు నిజంగా తెలుసా?” అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తనే పరిష్కారం చెప్పాడు. వచ్చే వారం యూరప్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వస్తోంది, ఈ విద్య మీద పుస్తకం రాస్తోంది, ఆమె చూసి ఎవరికి తెలుసంటే వాళ్లకే తట్ట ఇస్తానన్నాడు. ఓబులమ్మకు ఇంగ్లిషు రాదు కాబట్టి పక్కన ఉండి నువ్వే చెప్పు అన్నాడు. తన తల్లి చేతికింద పదహారేళ్లు కూర్చున్న మనిషికి పని వచ్చో రాదో చెప్పడానికి సముద్రం దాటి ఒకరు రావాలని ఆ ఇంటి కొడుక్కే అనిపించింది. నాకు మాత్రం అది వింతగా తోచలేదు. వస్తువు మీద విదేశీ ముద్ర పడితేనే ధర పలుకుతుందని తెలిసినవాణ్ని కదా.

ఓబులమ్మక్కకు ఆ వీసా ఎంత అవసరమో నాకు తెలుసు. చిన్నకూతురు కర్నూల్లో నర్సింగ్ చదువుతోంది, ఇంకా రెండేళ్లుంది. “ఈ రెండేండ్లు గడిచ్చే సాలబ్బీ, ఆమైన ఎవురు పొమ్మన్యా పోతా” అనేది. నా వీసా అప్పటికే దుకాణం మీద ఉంది. నా ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేను చేసిన పనికి అవసరం అనే సాకు కూడా లేదని మీకు తెలియాలి.

ప్రొఫెసరమ్మ పేరు కాత్రిన్. పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన ముక్కుతో, సంచి నిండా పెన్సిళ్లతో వచ్చింది. అరబ్బీ రాసింది చదవగలదు గానీ మాట్లాడలేదు. పని మొదలుపెట్టేముందు తను దేని గురించి రాస్తోందో చెప్పింది. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట వాళ్ల దేశాల నుంచి ఓడల్లో వచ్చిన వర్తకులు, పాదిరీలు, వైద్యులు తాము చూసినదంతా పుస్తకాలుగా రాసుకున్నారట. రేవులోకి దారి చూపించింది ఇక్కడి సరంగు, ఏ బంక దేనికి మందో చెప్పింది ఇక్కడి ఆడమనిషి, ఏ బావి నీళ్లు తాగాలో చూపించింది ఇక్కడి కాపరి. పుస్తకంలోకి వచ్చేసరికి మాత్రం ‘నేను కనుగొన్నాను’ అయ్యేదట. నచ్చితే తమ తెలివి, నచ్చకపోతే ఇక్కడివాళ్ల మూఢనమ్మకం. అందరూ అలాంటివాళ్లు కారట. ఒకరిద్దరు శ్రద్ధగా అడిగి రాసుకున్నవాళ్లూ ఉన్నారట. అలాంటివాళ్లు కూడా చాలాసార్లు ‘ఒక స్థానికుడు చెప్పాడు’ అని వదిలేశారట, మనిషికి పేరే లేనట్టు. “నేను ఆ తప్పు చేయను. ప్రతి ఒక్కరినీ అడుగుతాను, మీకు ఇది ఎవరు నేర్పారు అని” అంది. నేను గట్టిగా తల ఊపాను. ఆ పాత ఓడల వాళ్లను ఆమెతో కలిసి నాలుగు తిట్లు కూడా తిట్టాను.

వెనక గదిలో పడమటి కిటికీ కింద తట్ట. ఓబులమ్మక్క ఒకవైపు, నేను ఒకవైపు. అక్క ఆ రోజు ఆకుపచ్చ చీర, పెట్టెలోంచి తీసిన మడత కూడా పోలేదు. కాత్రిన్ అడిగిన ప్రతిదానికీ నేనే జవాబిచ్చాను. ఇంగ్లిషు నాకే వచ్చు కదా. అక్క పలుకు పట్టుకుని ఊపిరి వదిలితే, నేను ఇంకో పలుకు పట్టుకుని ఊపిరి వదిలి ఎందుకో వివరించాను. ఎండ సంగతి చెప్పాను, పంటి సంగతి చెప్పాను, తేమ సంగతి చెప్పాను. అన్నీ ‘నేను ఇలా చూస్తాను’ అనే చెప్పాను. కాత్రిన్ కళ్లు వెలిగాయి, నన్ను ఒక ఫోటో తీసింది. పెన్సిల్ ఆగకుండా నడిచింది. ఆ పెన్సిల్ చప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. చివరికి అడిగింది: “మీకు ఇదంతా ఎవరు నేర్పారు?”

నేర్పినావిడ నాకు మూరెడు దూరంలో కూర్చుని ఉంది. ఒక్క మాట చాలు, ఒక్క వేలు చూపించినా చాలు. ‘చానా మటుకు’ గుర్తొచ్చింది. కువైట్ ముసలాయన వేలు గుర్తొచ్చింది. ఇంకో నిమిషంలో ఆ కళ్లు నా మీది నుంచి అటు తిరుగుతాయని, మళ్లీ ఇటు రావని తెలిసింది. నోరు తెరిచి, “మా నాన్న” అన్నాను. జగిత్యాల దుకాణం, పై అరలోని జాడీ, తరాల వ్యాపారం అన్నీ వరసగా వచ్చేశాయి. అన్నీ నిజాలే. సంచి తిరగేశానంతే.

కాత్రిన్ పుస్తకం మూసి ముందు గదిలోకి, బఖీత్ దగ్గరికి వెళ్లింది. ఓబులమ్మక్క నా వైపు చూసింది.

“ఏమడిగినాదబ్బీ కడాకు?”

“ఎవరు నేర్పిన్రు అని.”

“ఏం చెప్పినావు?”

“నీ పేరే చెప్పిన అక్కా.”

ఆమె కాసేపు తట్టలోని పలుకుల్ని వేళ్లతో సర్దింది. “నా పేరెందుకబ్బీ. తుఫూలమ్మ పేరు చెప్పకపోయినావా” అంది.

ముందు గదిలో కాత్రిన్ బఖీత్‌తో ఇంగ్లిషులో నన్ను పొగడటం వినబడుతూనే ఉంది. ఆ సాయంత్రం బఖీత్ నా భుజం తట్టి, మా అమ్మ విద్య దుకాణంలోనే ఉందన్నమాట, ఇంకో మనిషి అక్కర్లేదు అన్నాడు. ఓబులమ్మ గురించి ప్రొఫెసరమ్మ ఏమీ అనలేదా అని నేను అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఆ తర్వాత ముప్పై అయిదు రోజుల గడువుంది. రోజూ షట్టర్ ఎత్తుతూ అర్బాబ్‌కు చెప్పాల్సిన వాక్యం తయారుచేసుకునేవాణ్ని. మూడు భాషల్లో తయారుచేశాను. ఎదుటివాడి గొంతులోంచి తుది ధర లాగగలిగే నాలుక, సొంత గొంతులోంచి ఒక్క వాక్యం లాగలేకపోయింది. బఖీత్ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి ‘ప్రొఫెసర్ మెచ్చిన మనిషి’ అని చెప్పేవాడు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ని. ఆ వంచిన తల మళ్లీ ఎత్తి నిజం చెప్పడానికి ప్రతిరోజూ రేపు అనే రోజు ఒకటి దొరికేది.

ఎయిర్‌పోర్టుకు దుకాణం పికప్‌లో నేనే తీసుకెళ్లాను. పద్నాలుగూ రెండూ పదహారేళ్లకు ఒక అట్టపెట్టె, ఒక రగ్గు. మిట్టమధ్యాహ్నం. దారి పొడవునా ఆమె కూతురి పరీక్షల గురించే మాట్లాడింది. నర్సింగ్ ఆపేది లేదని, ఊర్లో టమాట తోటల పనికైనా పోతానని అంది. లోపలికి వెళ్లేముందు వెనక్కి తిరిగి, “తట్ట జాగర్తబ్బీ. పేరు చెప్పుకోని కూచ్చో” అంది. తుఫూలమ్మ పేరు అంటోందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

మూడేళ్లకు, అంటే పోయిన ఏడు, పార్శిల్‌లో కాత్రిన్ పుస్తకం వచ్చింది. బరువైన కాగితం, మంచి అచ్చు. ఒక పేజీలో నా పేరు, నాన్న పేరు, జగిత్యాల పేరు ఉన్నాయి. పేజీకి ఎదురుగా నా ఫోటో. తట్ట, తట్ట మీద నా చేతులు, ఆ చేతుల్లో పలుకు. ఎంత గర్వంగా చూసుకోవాలనుకున్నానో. ఫోటో ఎడమ అంచున రెండు వేళ్ల వెడల్పున ఒక ఆకుపచ్చ చీర అంచు. చూసేవాళ్లకు ఎవరిదో తెలియని చీర. ఆ పుస్తకంలో ముందు పేజీలన్నీ ఇలా పేరు పోయినవాళ్ల గురించే. చదువుతూ ఉంటే, నాలుగు వందల ఏళ్ల కిందటి ఓడ ఏదో తిన్నగా వచ్చి మా వెనక గదిలో లంగరు వేసినట్టుంది. దిగినవాడు నాలాగే ఉన్నాడు.

పుస్తకం తీసుకుని బఖీత్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు బదులు చెప్పడం వచ్చు. ఆయన ఫోటో అంచున ఆకుపచ్చ మీద బొటనవేలు పెట్టాడు. “ఆమె మా అమ్మకు చివరి గుక్క తాగించింది. నువ్వు చెప్పకపోతే పోయావు. నేను అడగాల్సింది” అన్నాడు. ఆమె వస్తానంటే వీసా పంపుతానన్నాడు. కాత్రిన్‌కూ రాశాను. మరుసటి అచ్చులో సరిచేస్తానని జవాబిచ్చింది. గదిలో ఇద్దరున్నా తను ఒక్కరినే చూశానని, ఎవరిని చూసి ఇన్నాళ్లూ నవ్వానో ఇప్పుడు వాళ్ల పక్కనే నిలబడ్డానని రాసింది. ఇంగ్లిషులో క్షమాపణ నాకంటే బాగా చెప్పింది. దానికీ కొంచెం కుళ్లుకున్నాను.

ఓబులమ్మక్కకు ఫోన్ చేసే ధైర్యం లేక వాయిస్ మెసేజ్ పెట్టాను. మా నాన్న పేరు చెప్పానని, నీ పేరు చెప్పానన్నది అబద్ధమని, వీసా అందుకే పోయిందని, అర్బాబ్ మళ్లీ పంపుతానంటున్నాడని, అన్నీ. మూడు రోజులకు జవాబు వచ్చింది. షట్టర్ ఎత్తుతూ విన్నాను. వెనక కోళ్ల చప్పుడు, ఎవరో చిన్నపిల్ల ఏడుపు.

“బాగుండావా అబ్బీ. నేను ఇంగ రాలేను, మోకాళ్లు పని చెయ్యల్యా. పాప చదువు అయిపాయ, కడపలో ఆస్పత్రిలో చేరినాది. ఒక సంవచ్చరం ఆపి మళ్లా చదివించినాం, కష్టమే అయ్యింది, అబద్ధం యాల చెప్పేది. నువ్వు చెప్పిన మాట నాకు ఆ పొద్దే తెలుసు. నా పేరు చెప్పింటే ఆ ప్రొఫెసరమ్మ ఒక్కసారన్నా నా పక్క చూసిండేది గదా. చూడల్యా. నువ్వు చెప్తావులే, ఇయ్యాల గాకపోతే రేపు చెప్తావులే అనుకుంటి. సరే. తట్ట దగ్గర ఇప్పుడు ఎవురు కూచ్చుంటాండారు? పడమటి కిటికీ కిందనే పెట్టినారా? అర్బాబ్ ఆ కిటికీకి అడ్డం బీరువా పెడతానంటాండె. పెట్టనియ్యద్దు. ఎండ పడకపోతే ఆకుపచ్చ కనపడదు.”

అంతే. క్షమించానని లేదు, క్షమించనని లేదు. క్షమించానంటే ఒక రకంగా బేరం తెగేది. తిడితే ఇంకో రకంగా తెగేది. ఆమె మళ్లీ అడక్కుండానే ఇంకో పాఠం చెప్పి పెట్టేసింది. లోపలికి వెళ్లి చూశాను. బీరువా నిజంగానే కిటికీకి సగం అడ్డంగా ఉంది. రెండేళ్లుగా ఎర్రటివాటిలో కొన్ని ఆకుపచ్చవి ఎందుకు పోతున్నాయో నాకు అంతుపట్టలేదు. అప్పుడే బీరువా జరిపాను.

ఇప్పుడు ఆ తట్ట ముందు మంగ కూర్చుంటోంది. అమలాపురం దగ్గరి అమ్మాయి, బఖీత్ చెల్లెలింట్లో పనికి వచ్చింది. ఒకసారి దుకాణానికి వచ్చి, తీసి పక్కన పెట్టిన కల్తీ పలుకును ముక్కు దగ్గర పెట్టుకుని ‘ఇదేంటండీ కిరసనాయిలు వాసనొస్తంది’ అంది. నాకు ఆ వాసన తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంటికెళ్లి ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. మరునాడు బఖీత్‌తో నేనే చెప్పాను, ఈ అమ్మాయిది మంచి ముక్కు, దుకాణం వీసా మీదికి మార్చు అని. ఆ వాక్యం చెప్పడానికి ఒకే భాష సరిపోయింది.

మొదటి రోజు మంగ పలుకు మీద చెయ్యి వేయబోతే ఆపాను. “ముందు పేర్లు చెప్పు. తుఫూలమ్మ చెప్పింది, ఓబులమ్మక్క చెప్పింది. అట్ల అని పట్టుకో.” ఎవరో, ఎక్కడివాళ్లో, ఎలాంటివాళ్లో చెప్పాను. నేనేం చేశానో కూడా చెప్పాను. మంగ పెద్ద కళ్లతో విని, పేర్లు రెండూ వల్లించుకుని, “మరి మీ పేరూ చెప్పమంటారా అండీ? నేర్పేది మీరే కదా” అంది.

ఓబులమ్మక్క అయితే నీ ఇష్టం అనేది, అనేసి పలుకుల్లో పడిపోయేది. నాకు ఆ మాట నోటికి రావడానికి చాలాసేపు పట్టింది. “నీ ఇష్టం” అన్నాను చివరికి, ఎటో చూస్తూ.

మరునాడు సాయంత్రం పడమటి ఎండ తట్ట మీద పడగానే మంగ వచ్చి కూర్చుంది. నేను ముందు గదిలో త్రాసు తుడుస్తున్నట్టు నిలబడి చెవి అటే పెట్టాను. మంగ గొంతు సన్నగా వినబడింది. రెండు పేర్లు చెప్పింది. కాసేపు ఆగింది. తర్వాత ‘హా’ అని ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది.